ఒట్టా, టెస్టా? సూరత్ నుంచి మగాళ్ళు వచ్చినప్పుడు ఏది మేలు

ఒడిశాలో మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణీ అమ్మవారి జాతర వస్తే సూరత్ మగ్గాల్లో పనిచేసే మగాళ్ళు చాలామంది ఇంటికొస్తారు. గంజాం జిల్లాలో హెచ్‌ఐవీకి ఈ వలస పెద్ద కారణం, అందుకే మా వీధి ఆడవాళ్ళు మొగుడు రాగానే ఇంకొకరి జోలికి వెళ్ళనని అమ్మవారి ముందు ఒట్టు వేయిస్తారు, చర్చికి వెళ్ళేవాళ్ళయితే పాస్టర్ గారి ముందు.

ఒట్టుని నేను తీసిపారెయ్యను. ఉగాండాలో చర్చిలు, మసీదులు, ప్రభుత్వం కలిసి ఒక్కరితోనే ఉండండని ఊరూరా చెప్పాయి, 1990ల మొదట్లో పెద్దవాళ్ళలో దాదాపు 15 శాతం ఉన్న హెచ్‌ఐవీ 2001కి 5 శాతం దగ్గరకొచ్చింది, కాకపోతే అక్కడ కండోమ్‌లూ టెస్టులూ కూడా నడిచాయి. అదే అమెరికాలో పెళ్ళిదాకా ఆగుతామని ప్రమాణం చేసిన కుర్రాళ్ళ మీద 2005లో వచ్చిన స్టడీ చూస్తే, సుఖవ్యాధులు వాళ్ళకీ మిగతావాళ్ళకీ ఇంచుమించు ఒకటే. మాట తప్పిన రోజు కండోమ్ తక్కువ వాడారు, టెస్టుకీ తక్కువే వెళ్ళారు. తప్పానని ఒప్పుకోవాలంటే సిగ్గు కదా మరి.

నన్ను బాధపెట్టేది ఇంకోటి. ఒట్టు ఇవాళ్టి నుంచే లెక్క, ఒంట్లో నిన్నే చేరిపోయిన జబ్బుని అదేం చెయ్యలేదు, మంగళవారం ఉపవాసాలన్నీ చేసిన ఇల్లాలికే అది అంటుకుంటుంది.

టెస్టు మాత్రం నిన్నటి సంగతి కూడా చెప్తుంది. ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ సలహా, టెస్టు కేంద్రంలో, డబ్బులక్కర్లేదు, 2017 చట్టం ప్రకారం మనం ఒప్పుకోకుండా మామూలుగా హెచ్‌ఐవీ టెస్టు చెయ్యకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. పాజిటివ్ అయినా మందులు ఫ్రీ, రోజూ వేసుకుని వైరస్ టెస్టులో దొరకనంత తగ్గి అలాగే ఉంటే భార్యకి సోకదు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి మొదట్లోనే దొరికితే చాలామందికి ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో పోతుంది. కొత్తగా సోకితే టెస్టులో వెంటనే కనపడకపోవచ్చు, మూడు నెలలకి మళ్ళీ చేయించాలి, అందాకా కండోమ్ తప్పదు (అదీ సిఫిలిస్ పుండ్లున్న చోటంతా కప్పకపోవచ్చనుకోండి).

అందుకే నా ఓటు ముందు టెస్టుకి, తర్వాతే ఒట్టుకి. పూజారిగారో పాస్టర్‌గారో ఒక్కమాట "వెళ్ళి చూపించుకోండమ్మా" అంటే మా నర్సమ్మలు పదిసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది, బలవంతం మాత్రం వద్దు.

మొన్న జాతరకి మా మరిది వచ్చిన మూడో రోజే తోడికోడలు అతన్ని తీసుకుని ఆసుపత్రికెళ్ళింది, ఇద్దరూ చేయించుకున్నారు, రెండోసారి టెస్టు సూరత్‌లోనే సర్కారు ఆసుపత్రిలో చేయించుకుంటానన్నాడు. అనుమానాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యమని నంబర్ రాసిచ్చాను. సాయంత్రం అమ్మవారికి ముడుపు కూడా కట్టారు.