అరేపా పిండి: నాలుగేళ్లు వాడాక నా మాట

మేముండేది టెక్సస్‌లో, హ్యూస్టన్ పక్కన కేటీలో. ఇక్కడ వెనెజువెలా వాళ్లు ఎంతమంది ఉన్నారంటే ఊరిని సరదాకి కేటీజువెలా అంటారు. మా పక్కింటావిడదీ ఆ దేశమే, నాలుగేళ్ల కింద ఒక ఆదివారం పొద్దున్నే ప్లేట్లో నాలుగు అరేపాలు, అంటే వాళ్ల మొక్కజొన్న రొట్టెలు, పెట్టి తెచ్చి ఇచ్చింది, అంతే, అప్పట్నుంచి మా ఇంట్లో ఈ పిండి లేని వారం లేదు. కొత్తగా ట్రై చేసేవాళ్లు నాలాగా డబ్బులు తగలేసుకోకుండా ఉంటారని రాస్తున్నా.

షాపులో మొక్కజొన్న పిండి అని కనపడిందల్లా కొనేయకండి. నేను మొదట మెక్సికన్ టోర్టిల్లా పిండి తెచ్చా, అది సున్నపు నీళ్లలో ఉడకబెట్టిన గింజలతో చేసేది, వాసనే వేరు. తర్వాత ఇండియన్ స్టోర్లో మక్కపిండి, అదైతే పెనం మీద తిప్పబోతే ముక్కలు ముక్కలు. అరేపాకి కావాల్సింది ముందే ఉడికించి ఆరబెట్టి పట్టిన పిండి, ప్యాకెట్ మీద ప్రీకుక్డ్ అని ఉందో లేదో చూసుకోండి. మా అమ్మది కర్నూలు వైపు, నేనిదంతా చెప్తుంటే విని "అంటే సంగటి చేసి, ఎండబెట్టి, మళ్లీ పిండి కొట్టినట్టు" అనేసింది. అంతే సంగతి.

నేను వాడేది పాన్ అనే బ్రాండు, పసుపు ప్యాకెట్, తలకి చుక్కల గుడ్డ కట్టుకున్న ఆవిడ బొమ్మ ఉంటుంది. వెనెజువెలాలో ఇది 1960లో వచ్చింది. అంతకుముందు గింజల్ని పెద్ద చెక్క రోట్లో దంచి, పొట్టు తీసి, ఉడకబెట్టి, రుబ్బి, అప్పుడు రొట్టె. పక్కింటావిడ వాళ్ల అమ్మమ్మ తెల్లారకముందే లేచి దంచేదంట.

కొలత చెప్తా. రెండున్నర కప్పుల నీళ్లు, టీస్పూన్ ఉప్పు, అందులోకి రెండు కప్పుల పిండి కొంచెం కొంచెంగా పోస్తూ చేత్తో కలపాలి. నీళ్లలోకి పిండి, పిండిలోకి నీళ్లు కాదు, ఉండలు కడుతుంది. 5 నిమిషాలు వదిలేయండి, పిండి నీళ్లు పీల్చుకుని గట్టిపడుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసుకుని అరచేతిలో నొక్కితే అంచు పగిలిందా, ఇంకో రెండు చెంచాల నీళ్లు కావాలి. ఇక్కడ మా అమ్మని చూడాలి, జొన్నరొట్టె కొట్టిన చెయ్యి కదా, అంచుల్ని చిటికెన వేలితో తిప్పుకుంటూ అద్దినట్టు గుండ్రంగా చేసేస్తుంది. జొన్నపిండికైతే నీళ్లు మరగబెట్టాలి, దీనికి ఆ గోల కూడా లేదని మొదటిరోజే "దీనికేనా ఇంత కథ" అంది. వాళ్లు కాల్చే పెనాన్ని బుదారే అంటారు, మన ఇనప పెనం సరిగ్గా సరిపోతుంది. సన్నటి సెగ మీద అటూ ఇటూ మచ్చలు పడేదాకా కాల్చి, ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఓ పావుగంట. అయిందో లేదో తెలియాలంటే వేలితో తట్టండి, డొల్ల చప్పుడు రావాలి. మా చిన్నోడి డ్యూటీ ఇదే, అన్నీ తట్టుకుంటూ పోతాడు, ఇంకెవర్నీ తట్టనివ్వడు.

చీల్చి లోపల పెట్టేవాటికి వాళ్ల దగ్గర బోలెడు పేర్లు. నల్ల బీన్స్, తెల్ల చీజ్ పెడితే దోమినో, మా ఇంట్లో ఎక్కువ అయ్యేది ఇదే. బీన్స్ రాత్రి నానబెట్టి కుక్కర్లో ఆరు విజిల్స్, తర్వాత ఉల్లిపాయ, జీలకర్ర, మేం ఒక పచ్చిమిర్చి కూడా వేస్తాం, పక్కింటావిడ చూసి నవ్వుతుంది. చికెన్, అవకాడో కలిపింది రెయినా పెపియాదా, 1955లో వాళ్ల దేశపు అమ్మాయి సుసానా దుయిమ్ మిస్ వరల్డ్ అయినప్పుడు ఆవిడ గౌరవార్థం వాళ్ల రాజధాని కరాకస్‌లో ఒక అరేపా కొట్టువాళ్లు పెట్టిన పేరు. చీజ్ బదులు పనీర్ పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు, పెట్టొచ్చు కానీ ఆ ఉప్పదనం రాదు, చప్పగా ఉంటుంది.

ఇక బాగోలేనివి. పిండికి సొంత రుచి తక్కువ, లోపలిది బాగోకపోతే అరేపా బాగోదు. చల్లారితే గట్టిపడుతుంది, రెండో రోజుకి రాయి, నీళ్లు చిలకరించి పెనం మీద వేడి చేస్తే కొంత నయం. కలిపిన ముద్ద ఫ్రిజ్‌లో పెట్టానొకసారి, పొద్దున చూస్తే ఎండిన చెరువులాగా పగుళ్లు. అమ్మకి షుగర్ ఉంది, ఇది పొట్టు తీసిన గింజ, కాబట్టి ఆవిడకి ఒకటే, రెండోది అడిగినా ఇవ్వం. ఇంకోటి, ఆఫర్లో ఉందని ఒక ఎలక్ట్రిక్ అరేపా మేకర్ కొన్నా, కంపెనీ పేరు వద్దులెండి, ఎనిమిది నెలలకే కోటింగ్ లేచిపోయింది. పెనం ఉండగా అది దండగ.

ఈ పిండి అసలు పండగ మాత్రం డిసెంబర్‌లో. క్రిస్మస్‌కి అయాకా అని చేస్తారు, పిండిని ఓనోతో అనే గింజల నూనెతో పసుపు రంగుకి తెచ్చి, అరటాకు మీద పల్చగా పరిచి, కూర పెట్టి, ఆలివ్, కిస్మిస్ వేసి, పొట్లం మడిచి, దారంతో కట్టి ఉడకబెట్టడం. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. పోయినసారి మా గ్యారేజ్‌లో రెండు ఇళ్లవాళ్లం కూర్చున్నాం, మావి చికెన్‌వి, వాళ్లవి బీఫ్, పోర్క్ కలిపినవి, కలిసిపోకుండా మావాటికి ఎర్రదారం. ఆకుని సెగ మీద చూపించి మెత్తబరచడం మా అమ్మకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఆవిడకి స్పానిష్ రాదు, పక్కింటావిడకి తెలుగు రాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. మావారిది అమలాపురం, అన్నీ విని "పనసాకుల్లో పొట్టిక్కలు చేసినట్టే కదా" అన్నారు, అని ఒక్క పొట్లం కూడా కట్టలేదు.

ఆకులు ఫ్రోజెన్‌వి లాటిన్ స్టోర్లో దొరుకుతాయి, పండగ ముందు వారం వెళ్తే ర్యాకులు ఖాళీ. ఈసారి నవంబర్‌లోనే తెచ్చి ఫ్రీజర్‌లో పడేస్తా, ఆవకాయ డబ్బాలు జరిపితే చోటు ఉంటుంది.