కోనసీమ యాత్ర: ఏది కట్టాలి, ఏది కట్టక్కర్లేదు

కోనసీమకు ఇప్పటికీ నేరుగా రైలు లేదు. కోటిపల్లి-నరసాపురం లైను ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు రాజమండ్రిలోనో, పాలకొల్లులోనో, నరసాపురంలోనో దిగి అక్కడి నుంచి బస్సో కారో ఎక్కాల్సిందే. మేం పాలకొల్లు ఎంచుకున్నాం. పిన్ని వాళ్ల ఊరు అదే, పైగా దిగగానే క్షీరారామం శివాలయం దర్శనం కూడా అయిపోతుంది. గుళ్ల గురించి, గోదారి గురించి, కొబ్బరితోటల గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను డబ్బు సంగతి రాస్తున్నాను. యాత్రలో మన దగ్గర అడిగేవాటిలో కొన్ని అసలు కట్టక్కర్లేనివి. ఇంకొన్ని బేరమాడకుండా కట్టి తీరాల్సినవి. రెండూ కలిసిపోతే నష్టం మనకే.

ముందు రైలు టికెట్టు. ఐఆర్‌సీటీసీలో యూపీఐతో కడితే కన్వీనియన్స్ ఫీజు స్లీపరుకు 10 రూపాయలు, ఏసీకి 20. కార్డుతోనో నెట్ బ్యాంకింగుతోనో అయితే 15, 30. వీటిమీద జీఎస్టీ అదనం. ఇది మనిషికి కాదు, టికెట్టుకి. అందుకని నలుగురికీ ఒకే టికెట్టు తీసుకున్నాం. వేరే యాప్‌లలో చేస్తే వాళ్ల సర్వీస్ ఫీజు వేరుగా పడుతుంది, కింద ఎక్కడో "క్యాన్సిల్ చేస్తే పూర్తి డబ్బు వాపసు" అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఇలా అడగకుండా బుట్టలో వేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే నిషేధించింది. అయినా టిక్కు ఉందేమో చూసుకుని తీసేయాల్సింది మనమే. తిరుగు టికెట్టు పాలకొల్లు స్టేషను కౌంటరులో తీసుకున్నాం, అక్కడ ఈ ఫీజు అసలు ఉండదు.

కారు మాట్లాడేటప్పుడు చాలామంది "రోజుకు ఇంత, కనీసం 300 కిలోమీటర్లు" అంటారు. కోనసీమలో ఊర్లు దగ్గర దగ్గర. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిరిగినా అన్ని కిలోమీటర్లు అవ్వవు, తిరగని దూరానికి డబ్బు కట్టినట్టవుతుంది. 8 గంటలు, 80 కిలోమీటర్ల లోకల్ ప్యాకేజీ అడిగి, దాటితే కిలోమీటరుకు ఎంతో కూడా ముందే ఖాయం చేసుకోవడం మేలు. డ్రైవరు బత్తా, పార్కింగు, టోలు అందులోనేనా, వేరా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళితే ఈతకోట దగ్గర టోలు పడుతుంది. ఎంత కట్టారో ఫాస్టాగ్ మెసేజ్ చూపించమంటే ఏ డ్రైవరూ కాదనడు.

మేం ఒక రోజు ఆర్టీసీలోనే తిరిగాం. పిన్నికి ఆంధ్రా ఆధార్ ఉంది కాబట్టి ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండింటిలోనూ జీరో టికెట్టు ఇచ్చారు. అమ్మది, నాది తెలంగాణ ఆధార్, మేం డబ్బులిచ్చి తీసుకున్నాం. జీరో టికెట్టు కదా అని కాగితం పారేయకండి, చెకింగుకు వస్తే చూపించాలి.

అంతర్వేదికి రెండు దార్లు. చించినాడ వంతెన దాటి దిండి, రాజోలు మీదుగా రోడ్డున వెళ్లొచ్చు. లేదంటే నరసాపురం రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగొచ్చు. నా ఓటు పంటుకే. చుట్టుతిరుగుడు డీజిలు తగ్గుతుంది, గోదారి మధ్యలో గాలి ఆడుతూ ఉంటే నాన్న రేలింగు వదల్లేదు. మనిషికెంత, బండికెంత అని రేవులో అడిగి, టికెట్టు చేతికి వచ్చాకే డబ్బులివ్వండి. పంటు నడిపేవాళ్లు రేవును వేలంపాటలో పాడుకుని నడుపుతారు, వాళ్లకిచ్చేది న్యాయమైన డబ్బే.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లేటప్పుడు ఒకతను కారు ఆపి ఆశీలు, అంటే ఊళ్లోకి వచ్చే బండ్ల మీద వేసే రుసుము, అడిగాడు. పంచాయతీ వేలంలో పాడుకున్న పాటదారు ఆశీలు వసూలు చేస్తే కట్టాల్సిందే. అయితే చేతిలో రసీదు పుస్తకం లేదు, ఎక్కడా రేట్ల బోర్డు కనపడలేదు. "రసీదు ఇవ్వండి బాబూ, ఇస్తాం" అన్నాడు నాన్న. అతను ఫోన్ చేసి ఇంకొకతన్ని పిలిచాడు. ఆ వచ్చినతని దగ్గర పుస్తకం ఉంది, రసీదు మీద అచ్చేసిన రేటు మొదటతను అడిగిన దాంట్లో సగమే. సగం కట్టాం.

అక్కడి కొట్లో 20 రూపాయల ఎమ్మార్పీ ఉన్న నీళ్ల సీసాకి 25 అన్నారు, అయిదు రూపాయలు కూలింగుకట. ఎమ్మార్పీలో అన్నీ కలిసే ఉంటాయి, చల్లబరచినందుకు వేరే తీసుకునే హక్కు కొట్టుకు లేదు. సీసా మీద అచ్చు చూపించేసరికి 20కే ఇచ్చారు. హోటల్లో కూర్చుని తెప్పించుకుంటే మాత్రం లెక్క వేరు. అక్కడ సీసా ఒక్కటే కాదు, కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా ఉంది కాబట్టి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని హోటళ్లలో మామూలు మంచినీళ్లే అడుగుతాం.

గుళ్లలో ఒకటే మాట. దేవస్థానం కౌంటరులో ఇచ్చే టికెట్టు తప్ప ఇంకెవరి చేతికీ డబ్బు ఇవ్వకండి. ఒక గుడి బయట "త్వరగా దర్శనం చేయిస్తాం" అని వెంటపడ్డారు. లోపల ధర్మదర్శనం క్యూలో పట్టుమని ఇరవైమంది లేరు. అప్పనపల్లిలో నిత్యాన్నదానం ఉంది, అక్కడ మధ్యాహ్నం తిన్న పప్పు, చారు రుచి ఇంకా నాలుక మీదే ఉంది. తిన్నాక అమ్మ అన్నదానం కౌంటరులో తనకు తోచింది కట్టి రసీదు తీసుకుంది.

ఇక బస. అమలాపురంలో ఒక లాడ్జిలో దిగాం. లాడ్జి తీసుకునే ముందు 24 గంటల చెకవుటా, మధ్యాహ్నం 12 గంటల చెకవుటా అని తప్పక అడగండి. తెల్లవారి ఆరింటికి దిగేవాళ్లకు 12 గంటల పద్ధతిలో ఆరు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. ఏసీ రిమోటుకు వేరే డబ్బులా, జనరేటరు చార్జీ ఉందా, ఇంకో పరుపు వేస్తే ఎంత అని కూడా అడిగి, దిగిన టైము రిజిస్టరులో మన కళ్లముందు రాయించాం. గది శుభ్రంగా ఉంది, వేణ్నీళ్లు వచ్చాయి, కుర్రాళ్లు మర్యాదస్తులు. ఖాళీ చేసేటప్పుడు చీటీ మీద గది 1,600, జీఎస్టీ 12 శాతం 192 అని ఉంది.

"ఇందులో జీఎస్టీ నంబరు ఏదండీ?"

"ఆయ్, అందరికీ ఇలాగే వేస్తామండి."

7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే. అంటే 1,600కి 80 రూపాయలు. అదైనా రిజిస్ట్రేషను ఉన్నవాళ్లే వసూలు చేయాలి, బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నంబర్లు 37తో మొదలవుతాయి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడివి 34తో. కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఇంత శాతం అని కట్టే పద్ధతి) ఉన్న హోటలువాళ్లు పన్ను తమ జేబులోంచి కట్టాలి, మన బిల్లులో వేయకూడదు. ఇదంతా నెమ్మదిగానే చెప్పాను. యజమాని వచ్చి చీటీ చూసి ఆ జీఎస్టీ వరస కొట్టేసి 1,600 తీసుకున్నాడు. మాటా మాటా అనుకోలేదు, వెళ్లేటప్పుడు కొబ్బరిబొండాలు కూడా ఇప్పించాడు. మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను.

అసలు పట్టుబట్టాల్సి వచ్చింది గోదారి ఒడ్డున ఒక రిసార్టు భోజనశాలలో. రొయ్యల వేపుడు, పండుగప్ప పులుసు, అన్నం, పెరుగు, అన్నీ అద్భుతం. బిల్లులో భోజనం 1,460, సర్వీస్ చార్జి 10 శాతం 146, ఆ రెండూ కలిపిన 1,606 మీద 5 శాతం జీఎస్టీ 80.30, మొత్తం 1,686.30. అంటే సర్వీస్ చార్జి మీద కూడా పన్ను కట్టిస్తున్నారన్నమాట. సర్వీస్ చార్జిని బిల్లులో వాళ్లంతట వాళ్లే వేయకూడదని 2022 జులై 4న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వేరే పేరు పెట్టి వేసినా తప్పే. మేనేజరు "ఇది మా పాలసీ అండి" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేస్తామని చెప్పి నంబరు నొక్కేలోపు కొత్త బిల్లు వచ్చింది, 1,460 మీద జీఎస్టీ 73, మొత్తం 1,533. తేడా 153 రూపాయల ముప్పై పైసలు.

"పోనీలే అమ్మాయ్, నూటయాభై కోసం ఇంత గొడవా" అంది పిన్ని. ఆ డబ్బు వడ్డించిన కుర్రాడికి చేరుతుందన్న నమ్మకం లేదు పిన్నీ, అందుకే అడిగాను అన్నాను. వంద నోటు ఆ అబ్బాయి చేతిలోనే పెట్టి వచ్చాం.

బేరమాడకూడనిది పడవ. దిండి దగ్గర బోటు షికారుకు రకరకాల రేట్లు చెబుతారు. లైఫ్ జాకెట్లు లేని పడవ సగం ధరకే దొరుకుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదారిలో మునిగిన బోటును మర్చిపోవడం ఎవరివల్ల అవుతుంది? అనుమతి పత్రం అడగండి, జాకెట్టు తొడుక్కున్నాకే ఎక్కండి, అందుకు ఎక్కువ అడిగితే ఇవ్వండి. హౌస్‌బోటు బుక్ చేస్తే భోజనాలు ఎన్ని పూటలు, రాత్రి ఏసీ ఎన్ని గంటలు వేస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అడ్వాన్సు ఫోన్లో దొరికిన నంబరుకు పంపకండి, బుకింగ్ పేరుతో మోసాలు జరుగుతున్నాయి. పంపేసి మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి చెప్పాలి.

తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు. పూతరేకులు లెక్క మీద అమ్ముతారు కాబట్టి డబ్బాలో ఎన్ని ఉన్నాయో, నెయ్యితో చేసినవా కాదా అని అడిగి కొనుక్కుంటే సరిపోతుంది. కాజాలు తూకం మీద. ఒక కొట్లో అట్టపెట్టెలో సర్ది పెట్టెతో సహా కాటా మీద పెట్టబోయారు. "ఖాళీ పెట్టె పెట్టి ముందు సున్నా చేయండి" అన్నాను. చేశారు, ఆ తరువాత ఇంకో రెండు కాజాలు పడ్డాయి పెట్టెలో. కార్డయితే 2 శాతం ఎక్కువన్నారు, యూపీఐ చేశాం. యూపీఐకి వ్యాపారి దగ్గర బ్యాంకు రుసుము తీసుకోకూడదన్నది 2020 జనవరి నుంచీ ఉన్న నిబంధన, కాబట్టి దానిమీద ఎవరైనా అదనం అడిగితే ఇవ్వక్కర్లేదు.