ఉబ్బసమా, సీఓపీడీనా?

ఆయాసం, దగ్గు, పిల్లికూతలు ఉబ్బసంలోనూ, సీఓపీడీలోనూ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉంటాయి. తేడా వాటి నడకలో ఉంది.

ఉబ్బసం చాలామందికి చిన్నతనంలోనే మొదలవుతుంది. ఒకరోజు ఊపిరాడదు, మర్నాడు మామూలే. సీఓపీడీ సాధారణంగా 40 దాటాక బయటపడి, ఏటికేడు ముదురుతుంది. మొదట్లో మెట్లెక్కితే వచ్చే ఆయాసం, తర్వాత స్నానం చేసినా వస్తుంది. సిగరెట్, బీడీలే కాదు, కట్టెల పొయ్యి పొగ కూడా కారణమే. పొగతాగని ఆడవాళ్ల ఆయాసాన్ని ‘వయసు’ అని కొట్టిపారేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

తేల్చాల్సింది స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష), ఎక్స్‌రే ఒక్కటే చాలదు. శ్వాసనాళాలు తెరిచే మందు పీల్చాక మళ్లీ ఊదిస్తారు. ఉబ్బసంలో ఫలితం తరచూ బాగా మెరుగవుతుంది. సీఓపీడీలో మాత్రం, మందు తర్వాత కూడా, మొదటి సెకనులో వదిలే గాలి, ఒక్క ఊపిరిలో గట్టిగా వదిలే మొత్తం గాలిలో 70 శాతంకన్నా తక్కువే.

మందుల్లోనూ తేడా ముఖ్యం. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పునాది. అది లేకుండా నాళాలు తెరిచే మందుతోనే నెట్టుకురావడం ప్రమాదం. సీఓపీడీలో ఎక్కువసేపు పనిచేసే ఆ మందులకే మొదటి చోటు. స్టెరాయిడ్ కొందరికే ఇస్తారు, న్యుమోనియా ముప్పు పెరుగుతుంది కాబట్టి. కొందరిలో రెండు జబ్బులూ కలిసే ఉంటాయి; వాళ్లకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానకూడదు.