పాత హైలక్స్ బాడీ కింద కమాన్ కట్టలు: చాలాకాలం నడిపాక

నా రిమోట్ కంట్రోల్ బొమ్మబండిలో అన్నిటికంటే నచ్చింది కమాన్ కట్టలు, అంటే స్టీలు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు. తల తినేసిందీ అవే. అందుకే రిమోటు, మోటారు, టైర్ల సంగతి ఎత్తడం లేదు. 1:10 సైజు క్రాలర్ (రాళ్లెక్కే నెమ్మది బండి) ఒక్కటైనా కట్టినవాళ్లకి అవి తెలిసినవే. నిచ్చెన ఛాసిస్, 287 మి.మీ. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం), టయోటా పికప్ ట్రక్కు పాత హైలక్స్ క్యాబిన్ గట్టి ప్లాస్టిక్‌లో. వెనక తొట్టి మాత్రం స్టైరీన్ షీటు కోసి సొంతంగా కట్టింది. బ్యాటరీతో కలిపి బరువు 2.7 కిలోల దాకా ఉంటుంది.

కాయిల్ షాకులు వద్దనుకున్నది బాడీ కోసమే. 1979లో వచ్చిన ఫోర్ బై ఫోర్ హైలక్స్‌కి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి ఇరుసు), ముందూ వెనకా కమాన్లే. అమెరికాలో 1986 మోడల్ నుంచి ముందు వైపు అవి పోయాయి. 2022లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన హైలక్స్‌కీ వెనక మాత్రమే కనిపిస్తాయి. టమియా 1981లో తెచ్చిన హైలక్స్ బొమ్మబండికి నిజం కమాన్లే పెట్టింది. అలాంటి బాడీ కింద లింకులు (ఇరుసుని ఛాసిస్‌కి కలిపే కడ్డీలు), పొడుగు కాయిళ్లు కనిపిస్తే కంట్లో నలుసే. పైగా తొట్టిలో అరకిలో ఇసుక మూట వేస్తే కట్ట చదునవడం, షాకిల్ (కట్ట కొసని ఛాసిస్‌కి వేలాడదీసే ఊగే ముక్క) మెల్లగా వెనక్కి వాలడం, వెనక భాగం బరువుబండిలా కూర్చోవడం కాయిల్‌తో ఎంత పాట్లు పడినా రావు.

అయితే కొత్త కట్టలు కొత్తగా ఉన్నట్టే బిగిస్తే బండి పలక మీద నడిచినట్టు నడుస్తుంది. ముందు చక్రం ఇటుకెక్కితే అదే పక్క వెనక చక్రం గాల్లో ఉంటుంది. వచ్చేవి నాలుగేసి పట్టీలు. ముందు వైపు మెయిన్ ప్లేటు (అన్నిటికంటే పై పట్టీ), దాని కింది పొడుగు పట్టీ ఉంచి మిగతావి తీసేశాను; వెనకా మొదట అంతే. తీసే ముందు ప్రతి పట్టీ కొసని చూడండి. కోసినప్పటి గరుకు అంచు పైపట్టీలోకి దిగబడి జారనివ్వదు. సన్న ఆకురాయి, తర్వాత 600 నంబరు ఎమరీ పేపరు సరిపోతాయి. పట్టీల మధ్య నూనె, గ్రీజు వద్దు. దుమ్ము కలిసి ముద్దవుతుంది. పొడి గ్రాఫైట్ చాలు. కమాన్ కన్ను (పట్టీ కొసన బోల్టు దూరే చుట్ట) దగ్గర లాక్ నట్టుని తగిలేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలాలి. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ-బోల్టుల దగ్గర మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా: అక్కడ కాస్త వదులున్నా భారమంతా మధ్య పిన్ను మీద పడి అది తెగుతుంది. నిలబడి ఉన్నప్పుడు షాకిల్ కట్టకి అవతలి వైపుకి కొద్దిగా వాలి ఉండాలి. కట్ట వైపుకే వాలిందంటే నొక్కినప్పుడు పట్టీ సాగడానికి దారి లేక బిగుసుకుపోతుంది.

ఇంతవరకూ హాయే. గొడవ రాళ్లెక్కేటప్పుడు బయటపడింది. గ్రానైటు బండ అంచుకి వెనక చక్రాలు రెండూ ఆని, థ్రాటిల్ సగం దాటగానే వెనక భాగం టకటకా ఎగరడం మొదలైంది. తర్వాత ఒక్క టిక్కు. ఆపైన ముందు చక్రాలే లాగుతున్నాయి. తిప్పి చూస్తే వెనక ఇరుసుకి మోటారు బలం చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకి యాక్సిల్ వైపు యూజే (యూనివర్సల్ జాయింట్, వంగుతూ తిరిగే కీలు) క్రాస్ పిన్ను తెగింది, దాన్ని పట్టుకునే యోక్ చెవి విచ్చుకుంది. షాఫ్టు నాసిరకం అని సరిపెట్టుకోవచ్చు గానీ, మందం స్టీలుది వేసినా అదే చోట చెవి విచ్చుకోసాగింది. తప్పు షాఫ్టుది కాదు.

చక్రాన్ని ముందుకి తిప్పే బలమే డిఫ్ హౌసింగ్‌ని (యాక్సిల్ మధ్య గేర్ల పెట్టెని) వెనక్కి తిప్పాలని చూస్తుంది. లింకుల బండిలో పై లింకు దాన్ని ఆపుతుంది. ఇక్కడ ఆపాల్సింది కమాన్ ఒక్కటే. పలచబడ్డ కట్టలో యాక్సిల్‌కి ముందు సగం పైకి, వెనక సగం కిందికి మెలిపడి డిఫ్ ముక్కు (షాఫ్టు తగులుకునే కొస) లేస్తుంది. యూజే కోణం హద్దు దాటితే యోక్ చెవులు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. టైరు జారగానే కట్ట విదిలించుకుంటుంది, మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలిక. ఆ టకటక ఇదే. చక్రాలు గోడకి ఆనించి, ఛాసిస్ పట్టుకుని, కొంచెం థ్రాటిల్ ఇచ్చి పక్కనుంచి చూడండి. నా బండిలో 15 డిగ్రీల కోణం దాదాపు 30కి పోయేది.

మందు రెండు రకాలుగా వేశాను. తీసేసిన పొట్టి పట్టీ ఒకటి తెచ్చి, మధ్య రంధ్రమూ యూ-బోల్టు పట్టూ ఉండేలా చూసుకుని, యాక్సిల్‌కి ముందు సగం మాత్రమే మిగిల్చి కట్ట కింద కలిపాను. కటింగ్ డిస్కుతో కోసేటప్పుడు ఆగి ఆగి నీళ్లలో ముంచాలి. రంగు నీలం తిరిగిందంటే అక్కడ స్ప్రింగు గుణం పోయినట్టే. సగం మెలిక దీంతోనే తగ్గింది.

మిగతాది ట్రాక్షన్ బార్‌తో, అంటే యాక్సిల్ మెలి తిరగకుండా ఆపే పట్టీతో. 3 మి.మీ. అల్యూమినియం పట్టీని నిలువుగా పెట్టి, యాక్సిల్ హౌసింగ్‌కి రెండు బోల్టులతో కదలకుండా బిగించాలి. ఒకే బోల్టు వేస్తే పట్టీ అక్కడే తిరుగుతుంది, దేన్నీ ఆపదు. ముందు కొస బాల్ ఎండ్‌తో (గుండు కీలుతో), ఛాసిస్ అడ్డపట్టీకి 12 మి.మీ. షాకిల్ మీద వేలాడాలి. ఆ కొసని నేరుగా ఛాసిస్‌కి బిగిస్తే కట్ట నొక్కినప్పుడు యాక్సిల్ వెనక్కి జరగలేక సస్పెన్షనంతా పట్టేస్తుంది. ఆ కొస షాఫ్టు ముందు యూజే దరిదాపుల్లో ఉంటే రెండూ ఒకే తీరులో ఊగుతాయి. ఒక బార్ చాలు, రెండు పెడితే ఎగుడుదిగుడు రాళ్లకి తగ్గట్టు యాక్సిల్ పక్కలకి వాలదు. ఇప్పుడు డిఫ్ ముక్కు లేవడం కంటికి ఆనదు. షాఫ్టు పాతదే నడుస్తోంది.

ముందు కట్టని ఇంకా పలచన చేయాలనిపిస్తుంది గానీ వద్దు. స్టీరింగ్ సర్వో (చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటారు) ఛాసిస్ మీద ఉంటే, రాళ్ల మధ్య చక్రం తిరగకుండా బాడీయే పక్కకి జరుగుతుంది. షాకుల్లో చిక్కటి నూనె కూడా దండగ. పట్టీల రాపిడే సగం పని చేస్తుంది.

కమాన్లకి సేవ అక్కర్లేదని మొదట్లో నేనే చాలామందికి చెప్పాను. వానాకాలం దాటాక ఆ మాట కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. పట్టీల మధ్య తుప్పు పట్టి కిర్రుమంటాయి. తడిసినప్పుడల్లా విప్పి తుడవాలి. బ్యాటరీ ఎడమ పక్కన ఉండటంతో ఎడమ వెనక కట్ట 3 మి.మీ. దిగింది. కుడి ఎడమలు మార్చి వేస్తుంటే సర్దుకుంటుంది.

నేను నడిపేది ఎర్రమట్టి బాటలు, పొడి బండరాళ్లు, నడక వేగం. నాకు ఇవే కావాలి. బురదలో తిప్పేవాళ్లకి, పోటీలకి దించేవాళ్లకి, 3ఎస్ (మూడు సెల్లుల) బ్యాటరీ వాడేవాళ్లకి ఇదే మాట చెప్పలేను. వాళ్లకి నాలుగు లింకులే నయం కావచ్చు. పెట్టుకుంటే మాత్రం మెయిన్ ప్లేట్లు ఒక జత స్పేరుగా తెచ్చుకోండి. తొట్టిలో బరువు మోయిస్తే కన్ను మొదట్లో ముందుగా చీలిక పట్టేది వాటికే.