టర్బో సీ++ 3.0: చాలాకాలం వాడాక, ముఖ్యంగా ఆ నీడ గురించి

టర్బో సీ++ అంటే డాస్‌లో సీ++ ప్రోగ్రాములు రాసి నడిపించుకునే బోర్లాండ్ సాఫ్ట్‌వేర్. తిరుపతి, చిత్తూరు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో కూర్చున్నవాళ్లకు దాని నీలం తెర గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కంపైలర్ సంగతి వదిలేద్దాం. నాకు నచ్చింది ఒక్కటే: మెనూ దించినా, డైలాగ్ బాక్స్ తెరిచినా కుడిపక్కా కిందా పడే నీడ.

అక్కడ గ్రాఫిక్సే లేవు. వరుసకు 80 గడులు, 25 వరుసలు. గడికి రెండు బైట్లు, ఒకటి అక్షరానికి, ఇంకోటి రంగుకు. నీడ పడేచోట అక్షరం జోలికి పోరు, రంగు బైటును 08 చేస్తారంతే: నలుపు మీద ముదురు బూడిద. అందుకే నీడలో ఉన్న కోడ్ కూడా కనిపిస్తుంది. గడి ఎత్తు వెడల్పుకు దాదాపు రెట్టింపు గనక నీడ పక్కకు రెండు గడులు, కిందికి ఒక వరుస. దీని వెనకున్న టర్బో విజన్ (అక్షరాల తెర మీద మెనూలూ కిటికీలూ గీసే బోర్లాండ్ లైబ్రరీ) పద్ధతిలో, 50 వరుసల మోడ్‌కు మారితే గడి పొట్టిదవుతుంది గనక పక్కనీడ ఒక్క గడికి తగ్గుతుంది. ఎంత శ్రద్ధో చూడండి! మన ప్రాజెక్టుల్లోనేమో 219 కోడ్ అక్షరమైన నల్లదిమ్మెలు పరిచి కింది అక్షరాలను చెరిపేస్తాం. సొంతంగా వేయాలంటే తెర మీది అక్షరాలుండే మెమరీలో, అంటే బీ800 సెగ్మెంటులో, (వరుస×80+గడి)×2+1 దగ్గర 08 రాయండి. ముందుగా గెట్‌టెక్స్ట్ అనే ఫంక్షన్‌తో ఆ చోటు దాచుకోవాలి. అది 1 నుంచి లెక్కపెడుతుంది, ఈ సూత్రం 0 నుంచి. ఇది మరిచిపోతే నీడ ఒక గడి జరుగుతుంది.

రికార్డుకు ప్రింటు తీసేటప్పుడు బండారం బయటపడింది. షిఫ్ట్, ప్రింట్‌స్క్రీన్ నొక్కితే డాట్ మాట్రిక్స్ ప్రింటరు మీద బాక్సుల అంచుల్లోని జంటగీతల చోట వాలు ఎమ్‌లు, ఒంటిగీతల చోట వాలు డీలు బారులు తీరాయి. ప్రింటరు ఇటాలిక్ పట్టికలో ఉండటమే కారణం. కోడ్‌లోంచి 128 తీసేస్తే వచ్చే అక్షరాన్ని అది వాలుగా కొడుతుంది: 205లో తీస్తే 77, ఎమ్, 196లో తీస్తే 68, డీ. ఎప్సన్ ఆజ్ఞలు తెలిసిన ప్రింటరైతే ముందు 27, 116, 1 పంపితే గీతలు గీతల్లా వస్తాయి. ప్రింటరును ఆపి మళ్లీ ఆన్ చేస్తే కథ మళ్లీ మొదటికే. ప్రింటరు మీదుండే చిన్న మీట, డిప్ స్విచ్, మార్చుకోవడం మేలు. గీతలు దారికొచ్చినా నీడ మాత్రం కాగితం మీదికి రాదు, ప్రింట్‌స్క్రీన్ అక్షరాల బైట్లే పంపుతుంది మరి.

నీడలో కోడ్ కనిపిస్తుందన్నాను గానీ, అది మంచి మానిటర్ మీద మాట. ల్యాబు ప్రొజెక్టర్‌లో బూడిద నలుపులో కలిసిపోతుంది. మోనోక్రోమ్ మోడ్‌లోనైతే టర్బో విజన్ నీడే వేయదు.

పాత సిలబస్ నడిచేచోట డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్లలో పాత డాస్ ప్రోగ్రాములు నడిపేది) పెట్టుకుంటే పని జరుగుతుంది. కొత్తగా సీ++ నేర్చుకునే పిల్లలకు నేనైతే ఇవ్వను, సీ++ 1998 ప్రమాణానికి ముందరి సరుకు, పేర్లను గుంపులుగా వేరుచేసే నేమ్‌స్పేసులే లేవు. నా దగ్గర బీ800కు నేరుగా రాసే పాత ప్రోగ్రాములున్నాయి కాబట్టి ఇంకా తీసేయలేదు.