తిరువయ్యారు ఆరాధన: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

త్యాగరాజస్వామి ఆరాధనకి తిరువయ్యారు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు బస సంగతి తేల్చుకోండి. ఊరు చిన్నది, ఆరాధన రోజుల్లో గదులు దొరకడం కష్టం. సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని తంజావూరులో దిగడమే మేలు, అక్కణ్ణించి బస్సులున్నాయి. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ తెల్లవారుజామున వేడినీళ్ళు రాలేదు, పిలిస్తే పలికేవాళ్ళు లేరు. ముఖ్యమైన రోజు పంచమి, ఆ నాడు చీకటితోనే బయల్దేరాలి, కాబట్టి గది తీసుకునేటప్పుడే ఈ మాట అడగండి.

త్యాగయ్యగారు 1847లో సిద్ధి పొందిన తిథి పుష్య బహుళ పంచమి. ఆ ఉదయం కావేరి ఒడ్డున, సమాధి ముందు, విద్వాంసులంతా ఎదురెదురుగా బారులు తీరి కూర్చుని ఆయన పంచరత్న కీర్తనలు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు, అయిదూ ఆదితాళమే. టికెట్టేమీ లేదు. వెనక పందిట్లో కూర్చుంటే మాత్రం స్పీకర్ల హోరులో గొంతులన్నీ ముద్దయిపోతాయి. పెందలాడే వెళ్ళి ముందు చోటు పట్టుకోండి. మా పక్కన ఓ పెద్దావిడ తొడ మీద వేస్తున్న తాళం కూడా నాకు వినిపించింది. గౌళలో రిషభాన్ని, అంటే 'రి' స్వరాన్ని, కాస్త దించి పట్టాలి. అన్ని గొంతులూ కలిసి సరిగ్గా అక్కడికే దిగితే ఒళ్ళు ఝల్లుమంది. తమిళులు పుస్తకం చూడకుండా చరణం తర్వాత చరణం తెలుగులో పాడుతుంటే కళ్ళు చెమర్చాయి.

మిగతా రోజుల కచేరీలను తీసిపారేయకండి. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే, రాగాలాపన తీరిగ్గా వినాలనుకునేవాళ్ళకి అది చాలదు. కానీ పేరున్నవాళ్ళూ కొత్తవాళ్ళూ అదే వేదిక మీద కీర్తన వెంట కీర్తన పాడుతుంటే లేవబుద్ధి కాదు. అందులో ఆడవాళ్ళు ఎంతమందో! ఒకప్పుడు ఇక్కడ వాళ్ళని పాడనిచ్చేవారు కాదు. సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారే ఆ హక్కు కోసం పోరాడారు. ఆవిడ విగ్రహానికి దణ్ణం పెట్టకుండా రాకండి.

తిరుగుదారిలో తంజావూరులో వీణలు చేసేచోట ఓ పూట ఆగండి. పనసచెక్క తొలిచి వీణ కుండ చేస్తారు. మసి కలిపిన మైనం మీద 24 మెట్లనూ ఒక్కొక్కటే నిలిపి, తీగ మీటి, చెవితో సరిచూసుకుంటూ అవసరమైతే కాస్త జరుపుతారు. మేం చూసినాయన ఒకే మెట్టుని పదేపదే సర్దాడు. పనిలో ఉన్నప్పుడు మాటలు పెట్టుకోకుండా పక్కన కూర్చుంటే చాలు, ఆ స్వరం కుదిరిన క్షణం మనకీ తెలుస్తుంది.