ఆడా మగా కలిసి పాడే గ్రూపుల పాటలకి ర్యాంకులు: సార్టర్, పాయింట్లు, ఎలిమినేషన్ మూడూ ఏళ్ళ తరబడి వాడాక

స్వీడన్ వాళ్ళ అబ్బా (ABBA), రాక్సెట్, ఏస్ ఆఫ్ బేస్, జర్మనీ నుంచి బోనీ ఎం, ఈమధ్య కొరియా వాళ్ళ కార్డ్ (KARD), ఆక్‌మ్యూ, ఇలా ఆడా మగా కలిసి పాడే గ్రూపులన్నా జంటలన్నా మా కజిన్స్ గ్యాంగ్‌కి పిచ్చి, ఆ పాటలన్నీ వరసలో పెట్టి ఫస్ట్ ఏది లాస్ట్ ఏది అని కొట్టుకోవడం అంతకన్నా పెద్ద పిచ్చి. ఫ్యాన్స్ ఎక్కువగా వాడే పద్ధతులు మూడు. సార్టర్ అంటే ఒక వెబ్ పేజీ, రెండు పాటలు పక్కపక్కన చూపించి ఏది ఎక్కువ ఇష్టమో నొక్కమంటది, నొక్కుతూ పోతే చివర్లో మొత్తం లిస్టు వచ్చేస్తది. పాయింట్ల పద్ధతిలో ఎవరి టాప్ టెన్ వాళ్ళు రాసిస్తే అన్నీ కలిపి కూడతారు. ఎలిమినేషన్ అంటే బిగ్ బాస్ లాగా రౌండుకో పాటని బయటికి గెంటేయడం. మూడూ అరిగిపోయేదాకా వాడాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. ఒక్కళ్ళే కూర్చుని చేసుకోడానికి సార్టర్ బెస్ట్, గ్యాంగ్‌లో అయితే పాయింట్లు, ఎలిమినేషన్ మాత్రం గొడవలకి తప్ప దేనికీ పనికిరాదు.

సార్టర్ సంగతి ముందు. చాలామంది ఇది ప్రతి పాటనీ మిగతా అన్ని పాటలతో పోటీ పెడతదని అనుకుంటారు. అలా పెడితే అబ్బా గోల్డ్ అనే హిట్ల ఆల్బంలో ఉన్న 19 పాటలకే 171 పోటీలవుతాయి. ఇది అలా కాకుండా చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కలో వరస తేల్చి, ఆ ముక్కల్ని కలుపుకుంటూ పోతది, కాబట్టి 19 పాటలకి ఎంత ఎక్కువైనా 64 నొక్కుళ్ళలో అయిపోద్ది. ఇంతవరకు సూపర్. అదే అబ్బా పాటలు మొత్తం, సుమారు ఒక వంద ఎక్కించామనుకోండి, 573 దాకా పోవచ్చు, మూడొందలు దాటాక ఏ మనిషైనా పాట గురించి ఆలోచించడం మానేసి పేరు చూసి నొక్కేస్తాడు, పేరు బాగా తెలిసిన హిట్టు గెలుస్తది, ఆల్బంలో ఆరో నంబర్‌లో దాక్కున్న మంచి పాట పాపం ఓడిపోద్ది. పైగా ఫోన్లో చేస్తుంటే మధ్యలో కాల్ వచ్చిందా, పేజీ మళ్ళీ లోడ్ అయ్యి మొత్తం మొదటికి! నేను వాడే దాంట్లో సేవ్ అనేదే లేదు, ఇన్నేళ్ళయినా పెట్టలేదు. అందుకే పెద్ద గ్రూపులకి ఆల్బం ఆల్బం విడివిడిగా చేసి, ఒక్కోదాంట్లోంచి పైన నాలుగైదు తీసి ఫైనల్ పెట్టుకోవడం నయం.

ఇంకో తిరకాసు ఉంది. అబ్బా పాటల్లో ఫెర్నాండో కంటే ఎస్ఓఎస్ ఇష్టమన్నాం, ఎస్ఓఎస్ కంటే డాన్సింగ్ క్వీన్ ఇష్టమన్నాం అనుకోండి, ఇక డాన్సింగ్ క్వీన్‌నీ ఫెర్నాండోనీ ఎదురెదురుగా పెట్టి అడగదు, తనే లెక్కేసుకుంటది. లెక్క ప్రకారం కరెక్టే కానీ మనసు అలా లైన్లో నిలబడదుగా, ఆ రెండూ ఎదురుపడితే నేను కళ్ళు మూసుకుని ఫెర్నాండో నొక్కుతా. "రెండూ సమానం" అనే బటన్ ఉంటది, దాన్ని ఎక్కువ వాడితే చివర్లో పది పాటలు మూడో ర్యాంకులో కూర్చుంటాయి. మా బావ అయితే ఆ బటన్ మీద వేలు తీయడు, ఆయన లిస్టు చూస్తే రేషన్ షాపు క్యూలా ఉంటది.

ఇవన్నీ చిన్న విషయాలు. అసలు చెప్పాలనుకున్నది వేరే. ఇలాంటి గ్రూపులకి ఏ పద్ధతిలో ర్యాంకులు వేసినా మనం వేసేది పాటకి కాదు, గొంతుకి. అబ్బాలో అమ్మాయిలు ఆగ్నేతా, ఫ్రిడా, అబ్బాయిలు బ్యోర్న్, బెన్నీ నలుగురూ ఉన్నా లిస్టు ఎప్పుడూ ఒకేలా పడతది. ఇద్దరమ్మాయిలూ కలిసి పాడిన డాన్సింగ్ క్వీన్ లాంటివి పైన, ఆ తర్వాత ఆగ్నేతా ఏడిపించేవి, ఆ తర్వాత ఫ్రిడావి, అడుగున బ్యోర్న్. అబ్బా గోల్డ్ మొత్తంలో బ్యోర్న్ లీడ్, అంటే ముఖ్య గొంతుగా, పాడింది ఒక్క డజ్ యువర్ మదర్ నో, 1979 పాట, మంచి ఊపున్న రాక్ పాట, మా లిస్టుల్లో ఎప్పుడూ కింద మూడు నాలుగు స్థానాల్లోనే. ఆయనే లీడ్ పాడిన రాక్ మీ, టూ ఫర్ ద ప్రైస్ ఆఫ్ వన్ అయితే చెప్పక్కర్లేదు. బెన్నీ లీడ్ పాడిందే ఒక్కటి, 1974 ఆల్బంలో సూజీ హ్యాంగ్ అరౌండ్, దాన్ని మా వాళ్ళు వినకుండానే ఆఖర్న పడేస్తారు. మరి ఆ అమ్మాయిలు పాడిన పాటలు దాదాపు అన్నీ కట్టింది ఎవరండీ? వీళ్ళిద్దరేగా! ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్ మాటలు బ్యోర్న్ ఆగ్నేతాతో విడాకుల తర్వాత రాసినవి, పాడింది ఆ ఆగ్నేతాయే, ఆ పాట నంబర్ వన్ అయినప్పుడు మార్కులు ఎవరికి పడినట్టు?

మగ గొంతు అంటే జనానికి పడదు, సింపుల్, అని మా అక్క తేల్చేసింది. నేను ఒప్పుకోను, ఎందుకంటే రాక్సెట్ ఉంది. అందులో అమ్మాయి మేరీ, అబ్బాయి పేర్, ఇద్దరిలో మేరీ గొంతుకి సాటి లేదు, అది వేరే మాట. కానీ అమెరికాలో వాళ్ళకి నంబర్ వన్ అయిన పాటలు నాలుగు, ద లుక్, లిజన్ టు యువర్ హార్ట్, ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్, జాయ్‌రైడ్. అందులో మొదటిదీ చివరిదీ పేర్ లీడ్, మధ్యలో రెండూ మేరీ. సరిగ్గా సగం సగం! అసలు అమెరికాలో వాళ్ళకి తలుపు తెరిచిందే పేర్ పాడిన ద లుక్, స్వీడన్‌లో చదువుకుని వెళ్ళిన ఒక అమెరికా స్టూడెంట్ ఆ రికార్డు తీసుకెళ్ళి మినియాపోలిస్ రేడియో స్టేషన్ వాళ్ళకి ఇస్తే అక్కడ మొదలై 1989లో టాప్‌కి వెళ్ళింది. అప్పుడు కొన్నవాళ్ళకి మగ గొంతు అడ్డు రాలేదు. ఇప్పుడు ర్యాంకులేసే మాకు మాత్రం ద లుక్ టాప్ ఫైవ్‌లోకి రావడం గగనం. 2019 డిసెంబర్‌లో మేరీ చనిపోయాక అయితే ఆవిడ స్లో పాటలు ఇంకా పైకెళ్ళాయి, ఆ ఏడాది చేసిన లిస్టుని నేను లెక్కలోకి తీసుకోను, అందరూ ఏడుస్తూ ఓట్లేశారు.

బోనీ ఎం దగ్గర ఈ గొంతుల లెక్క ఇంకా తమాషాగా తిరగబడతది. స్టేజి మీద ఎగిరే బాబీ ఫారెల్‌ని చూసి రాస్పుటిన్ పాటకి ఫస్ట్ ర్యాంకు ఇస్తాం కదా, రికార్డులో ఆ బొంగురు మగ గొంతు ఆయనది కాదు, ప్రొడ్యూసర్ ఫ్రాంక్ ఫరియన్‌ది. అమ్మాయిల్లో కూడా రికార్డుల్లో పాడింది లిజ్ మిచెల్, మార్సియా బారెట్. ఈ సంగతి చెప్పాక కూడా మా బాబాయ్ ఓటు మార్చలేదు, డాన్సుకి వేశాను పో అన్నాడు. ఆయన కాలేజీ రోజుల్లో క్యాసెట్టు అరిగేదాకా విన్న మనిషి, ఆయనతో వాదించలేం.

పాటకి కాక గొంతుకి ర్యాంకులేసే ఈ జబ్బుకి మేం కనిపెట్టిన విరుగుడు ఒకటుంది, బాగా పని చేసింది. సార్టర్‌లో పాటలన్నీ ఒకేసారి పోయకుండా లీడ్ గొంతుని బట్టి మూడు కుప్పలు చేస్తాం, అమ్మాయి లీడ్, అబ్బాయి లీడ్, ఇద్దరూ. ఒక్కో కుప్పలో పైనున్న మూడు నాలుగు తీసి అప్పుడు ఫైనల్. అలా చేసినప్పుడే డజ్ యువర్ మదర్ నో మొదటిసారి మా ఫైనల్ దాకా వచ్చింది, వచ్చి మళ్ళీ ఓడిపోయిందనుకోండి, కనీసం పోటీ అయితే చేసింది. లీడ్ ఎవరిదో లెక్క తేలని పాటల్ని ఎక్కువ గొడవ పడకుండా మూడో కుప్పలో వేసేయండి.

పాయింట్ల పద్ధతికి చాలామంది యూరోవిజన్ (యూరప్ దేశాల పాటల పోటీ) లెక్కే వాడతారు, ఫస్ట్‌కి 12, సెకండ్‌కి 10, ఆ తర్వాత 8 నుంచి 1 దాకా. సరదా ఏంటంటే ఆ పోటీలో అబ్బా పాట వాటర్లూ గెలిచిన 1974లో ఈ లెక్కే లేదు, అది ఆ తర్వాతి ఏడాది వచ్చింది. అప్పుడు ఒక్కో దేశం జ్యూరీలో పదిమంది, తలా ఒక ఓటు, అబ్బాకి మొత్తం వచ్చినవి 24, పోటీ జరిగిన బ్రిటన్ జ్యూరీ అయితే సున్నా ఇచ్చింది! బ్రైటన్‌లో పోటీ పెట్టి సున్నా. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏంటంటే ఎవరికో ఒకరికి ప్రాణమైన పాట బతికి బట్టకడతది, ఒక్కళ్ళు 12 వేస్తే చాలు లిస్టులో కనిపిస్తది. ద డే బిఫోర్ యు కేమ్ అలాంటిదే. 1982లో వచ్చినప్పుడు బ్రిటన్‌లో 32వ స్థానం దాటలేదు, అబ్బా గోల్డ్‌లో కూడా పెట్టలేదు, కోరస్ అంటూ సరిగ్గా లేని దాదాపు ఆరు నిమిషాల పాట, ఒక ఆడమనిషి తన మామూలు రోజు ఎలా గడిచిందో చెప్పుకుంటూ పోతది అంతే. పెద్ద ఫ్యాన్స్ లిస్టుల్లో దాన్ని టాప్ టెన్‌లో చూడకపోతే నాకు ఆ లిస్టు మీద నమ్మకం పోద్ది. మా దాంట్లో అక్కా నేనూ 12 వేస్తాం, మిగతావాళ్ళు ముట్టుకోరు, అయినా పైనే ఉంటది. చెడ్డ గుణం ఒకటే, పదకొండో పాటకీ వందో పాటకీ తేడా ఉండదు, రెండిటికీ సున్నానే.

ఎలిమినేషన్‌లో అదే పాట మొదటి వారాల్లోనే పోయింది. ఎందుకంటే అక్కడ ఓటేసేది నచ్చనిదానికి, నలుగురికి బోర్ కొడితే చాలు బయటికి. ఎవరూ తిట్టని, ఎవరూ మరీ ప్రేమించని పాట చివరిదాకా నిలబడతది, మాకోసారి ఐ హావ్ ఎ డ్రీమ్ ఫైనల్ దాకా వచ్చింది, ఎవర్ని అడిగినా నేను దానికి ఎప్పుడూ ఓటెయ్యలేదనే. దీని గురించి ఇంతకంటే రాయను.

కార్డ్‌కి మాత్రం సార్టర్ అచ్చంగా కుట్టించినట్టు సరిపోద్ది. 2017 జూలైలో డెబ్యూ, అంతకుముందే 2016 డిసెంబర్‌లో ఓ నానా, తర్వాత డోంట్ రీకాల్, రూమర్ వదిలారు, పాటలు మరీ ఎక్కువ లేవు, ఒక్క సిట్టింగ్‌లో అయిపోద్ది. ఇక్కడ గొంతుల కుప్పలు కూడా అక్కర్లేదు, దాదాపు ప్రతి పాటలోనూ సోమిన్, జివూ పాడతారు, బీఎం, జేసెఫ్ ర్యాప్ చేస్తారు, నలుగురికీ వాటా ఉంటది కాబట్టి పాటనే చూస్తాం. మా లిస్టులో ఎప్పుడూ గన్‌షాట్, రూమర్ కొట్టుకుంటాయి, నేను రూమర్ పార్టీ. అన్నాచెల్లెళ్ళ జంట ఆక్‌మ్యూకి వేస్తే ఫస్ట్ ర్యాంకు గురించి గొడవే ఉండదు, 2019లో వచ్చిన ఆ చాంతాడంత పేరున్న బ్రేకప్ పాటే అందరిదీ, చెల్లెలు సుహ్యున్ గొంతు అలా కోస్తది మరి. 2014 నాటి 200% కింద ఎక్కడో ఉండిపోవడం నాకు కొంచెం బాధ.

వాడబోయేవాళ్ళకి ఒక్క జాగ్రత్త, ఏ వెర్షనో ముందే తేల్చుకోండి. ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్ 1987లో క్రిస్మస్ పాటగా వచ్చింది, 1990లో ప్రెట్టీ ఉమన్ సినిమాతో అందరూ విన్నది మార్చిన వెర్షన్. ఫెర్నాండో ముందు ఫ్రిడా స్వీడిష్‌లో సోలోగా పాడింది. ఇవి చెప్పుకోకపోతే ఫైనల్ రోజు ఒకడు లేచి నేను ఓటేసింది దానికి కాదంటాడు.

ఇప్పుడు మా వాళ్ళు పాకిస్తాన్ వాళ్ళు నాజియా, జొహేబ్ హసన్ అక్కాతమ్ముళ్ళ పాటలు మొదలెట్టారు. 1981 డిస్కో దీవానే నుంచి 1992 దాకా మొత్తం ఐదే ఆల్బంలు, సార్టర్‌లో సాయంత్రానికి తేలిపోయే పని. బాబాయ్ మాత్రం పాయింట్లు పెట్టమని పట్టుబడుతున్నాడు, సార్టర్‌లో అయితే ఆయనకి 12 వేసే ఛాన్స్ ఉండదంట.